ఇంటిల్లిపాదికీ ఏ యాప్ మేలు? గోడ క్యాలెండర్‌ని కూడా పోటీలో పెట్టి చూశాం

రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ కేపీహెచ్‌బీలో పసుపు రంగు చార్ట్ పేపర్ దొరకదు. ఇది మావారు స్వయంగా తిరిగి తెలుసుకున్న విషయం.

యూకేజీ చదివే మా చిన్నదానికి మర్నాడు స్కూల్లో ఏదో యాక్టివిటీ ఉంది. టీచర్ పంపిన మెసేజ్‌ని పొద్దున్నే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మావారు బొటనవేలు గుర్తు కూడా పెట్టారు. తర్వాత దాని మీద విజయవాడ పిన్ని శుభోదయం పూలు, బావగారి కొత్త కారు ఫొటోలు పదకొండు, ఆ కారుకు ముప్పై అభినందనలు వచ్చి పడ్డాయి. చార్ట్ పేపర్ వాటి అడుగున ఉండిపోయింది. రాత్రి ఆయన బండి మీద రోడ్ నంబర్ వన్ అంతా తిరిగి, షట్టర్ సగం దించేసిన జిరాక్స్ షాపులో తెల్ల చార్ట్ ఒకటి పట్టుకొచ్చారు. "దానికి కాస్త పసుపు నీళ్లు పుయ్యండమ్మా" అన్నారు అత్తయ్య. నిజంగానే పూశాం.

ఆ మర్నాటి నుంచి యాప్‌ల వేట మొదలుపెట్టాను. మా ఇంట్లో ఐదుగురం. నాది ఆండ్రాయిడ్, మావారిది ఐఫోన్, అత్తయ్యది పాత ఆండ్రాయిడ్. నేను వాడి పక్కన పెట్టిన ఫోన్ పదకొండేళ్ల మావాడి చేతిలో ఉంటుంది. ఈ లెక్క ముందే చెప్పడం ఎందుకంటే, యాప్ ఎంత బాగున్నా ఈ ఫోన్లన్నిట్లో పనిచేయకపోతే మాకు లేనట్టే.

మొదట కోజీ పెట్టాం. అమెరికా కుటుంబాల్లో బాగా వాడే యాప్ ఇది. మనిషికో రంగు, సరుకుల జాబితా, వంటల పుస్తకం, క్యాలెండర్ అన్నీ ఒకేచోట ఉంటాయి. చూడ్డానికి ముచ్చటేసింది. కానీ డబ్బు కట్టకపోతే క్యాలెండర్‌లో 30 రోజులకు మించి ముందుకు చూడనివ్వదు. ఆగస్టులో కూర్చుని దసరా సెలవులకు టికెట్లు బుక్ చేసుకునే మనలాంటి వాళ్లకు 30 రోజులు ఏమూలకి? అయినా అసలు సమస్య అది కాదు. రెండు వారాలు చూస్తే అందులో రాసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు తెరిస్తే కదా! ప్రత్యేకంగా తెరవాల్సిన యాప్ ఏదైనా మా ఇంట్లో రెండు వారాలే బతుకుతుందని అప్పుడే అర్థమైంది. జపాన్ వాళ్ల టైమ్‌ట్రీ అనే క్యాలెండర్ యాప్ కూడా చూశాను. ఒక్కో పని కింద కామెంట్లు రాసుకునే వీలుంది. భార్యాభర్తలిద్దరే ఉండే ఇంటికి అది సరిపోవచ్చు.

చివరికి నిలిచింది గూగుల్ క్యాలెండర్. అందులో పెద్ద సొగసేమీ లేదు. గూగుల్‌లో ఫ్యామిలీ గ్రూప్ తయారు చేస్తే ఆరుగురి వరకు చేరొచ్చు. వాళ్లందరికీ కలిపి ఒక క్యాలెండర్ దానంతటదే వచ్చేస్తుంది, ఎవరైనా రాయొచ్చు, దిద్దొచ్చు. ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. ఇది వాట్సాప్ కంటే మేలని నేను అనేది ఒకే ఒక్క కారణానికి. వాట్సాప్‌లో మెసేజ్ మనం పంపినప్పుడు వెళ్తుంది, క్యాలెండర్‌లో అలారం మనం అనుకున్నప్పుడు మోగుతుంది. ఇప్పుడు స్కూల్ నుంచి ఏది అడిగినా ముందురోజు సాయంత్రం 6:45కి ఆయన ఫోన్‌లో అలారం మోగేలా పెడతాం. ఆ టైమ్‌కి ఆయన హైటెక్ సిటీ నుంచి వస్తూ జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఇరుక్కుని ఉంటారు. షాపులు తెరిచే ఉంటాయి.

అలాగని వాట్సాప్‌ని తీసెయ్యలేం. అత్తయ్య తెరిచే యాప్ అదొక్కటే. అందుకే పాత గ్రూపును పూలకూ కార్లకూ వదిలేసి, మేం ముగ్గురమే ఉండేలా "ఇల్లు" అని ఇంకో గ్రూప్ పెట్టుకున్నాం. మూడు మెసేజ్‌ల వరకు పైన పిన్ చేసుకోవచ్చు, కావాలంటే 30 రోజులు అక్కడే ఉంటాయి. పరీక్షల టైమ్ టేబుల్, పిల్లల డాక్టర్ నంబర్, స్కూల్ బస్ డ్రైవర్ నంబర్ అక్కడ పెట్టాం. డ్రైవర్ నంబర్ ఎందుకంటే, స్కూల్ వాళ్లిచ్చిన బస్ ట్రాకింగ్ యాప్‌లో బస్సు ఇంకా మియాపూర్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంటే పిల్ల వచ్చి కాలింగ్ బెల్ కొట్టిన రోజులున్నాయి.

సరుకుల జాబితాకు గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్ వాడుతున్నాం. అత్తయ్య వంటింట్లో నిలబడి "మినపగుళ్లు రెండు కిలోలు" అని తెలుగులో చెబితే కీబోర్డే రాసేస్తుంది. ఆయన షాపులో టిక్కు పెడుతూ కొంటారు. ఒకసారి "ఇంగువ" అంటే "ఇంకో అవ్వ" అని రాసింది. ఆ టిక్కు ఇంకా పెట్టలేదు.

ఇక గోడ క్యాలెండర్. వంటింటి తలుపు పక్కన మేకుకు వెంకట్రామా అండ్ కో వాళ్లది వేలాడుతూ ఉంటుంది. తిథి, వర్జ్యం, రాహుకాలం కోసం అత్తయ్య దాన్నే చూస్తారు, ఫోన్‌ని నమ్మరు. గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు, పాల ప్యాకెట్ల లెక్క అన్నీ దాని మీదే ఉంటాయి. ఛార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్ అడగదు. మోగదు, అదొక్కటే లోటు. కాబట్టి తారీఖు ప్రకారం జరిగేవి ఫోన్‌లో, తిథి ప్రకారం జరిగేవి గోడ మీద. పుట్టినరోజు, తద్దినం ఎప్పుడూ ఒక పద్ధతిలో రావు కదా మనకు.

లొకేషన్ యాప్‌ల దగ్గర మాత్రం ఇంట్లో గొడవే అయింది. మా అన్నయ్య కూతురు ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ చదువుతోంది, శనివారాలు మా ఇంటికొస్తుంది. ఖమ్మంలో ఉన్న అన్నయ్య దాని ఫోన్‌లో లైఫ్360 వేయించాలంటాడు. మనిషి ఎక్కడున్నదీ రోజంతా మ్యాప్ మీద కనిపిస్తుంది. "అత్తా, నాన్న షాపు మానేసి ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటాడు" అంది పిల్ల. నేను పిల్ల వైపే. పందొమ్మిదేళ్ల మనిషిని పగలూ రాత్రీ కాపలా కాయడం నాకు నచ్చదు. పైగా ఆ కంపెనీ వాడేవాళ్ల లొకేషన్ వివరాలు డేటా వ్యాపారులకు అమ్ముతోందని 2021 చివర్లో అమెరికాలో వార్తలొచ్చాయి. ఆ అమ్మకాలు చాలావరకు ఆపేస్తామని 2022లో వాళ్లు ప్రకటించారు. అయినా నాకు మనసొప్పలేదు.

మేం కుదుర్చుకున్నది వేరే. ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ వచ్చే బస్సు ఎక్కడుందో ఆర్టీసీ గమ్యం యాప్‌లో తనే చూసుకుంటుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కేటప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడుతుంది. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుంటాయి, తను 8 గంటలది పెట్టి ఇంటికి రాగానే ఆపేస్తుంది. అమీర్‌పేటలో మారి కేపీహెచ్‌బీలో దిగాక, పొద్దుపోతే ఆటో ఎక్కేముందు టీ-సేఫ్. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం 2024లో తెచ్చిన సేవ ఇది. యాప్ లేకపోయినా 100కి ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా కనిపెట్టుకుని ఉంటారు. మామూలు బటన్ ఫోన్‌తోనూ కుదురుతుంది. అన్నయ్యకు ఇది చెప్పాక కాస్త నెమ్మదించాడు.

పిల్లల ఫోన్ సంగతి వేరు, అక్కడ పట్టు ఉండాల్సిందే. మావాడి ఫోన్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టాం. ఉచితం. రోజుకు ఎంతసేపు, ఏ యాప్ ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి లాక్ కావాలి అన్నీ మన ఫోన్ నుంచే నిర్ణయించొచ్చు. కొత్త యాప్ వేసుకోవాలంటే మన అనుమతి అడుగుతుంది. వాడి మెసేజ్‌లు మాత్రం మనకు చూపించదు, అది మంచిదే. పిల్లలకు ఐఫోన్ ఇచ్చిన ఇళ్లకు ఆపిల్ స్క్రీన్ టైమ్ మేలు. 2018 నుంచి అది ఫోన్‌లోనే వస్తోంది. అయితే మన చేతిలోనూ ఆపిల్ వస్తువే ఉండాలి. ఫ్యామిలీ లింక్‌ని తల్లిదండ్రులు ఐఫోన్ నుంచి కూడా నడపొచ్చు. మా ఇంట్లో రెండు రకాల ఫోన్లు ఉన్నాయి కాబట్టి దాని మీదకే మొగ్గాం. చిన్నదానికి టీవీలో యూట్యూబ్ కిడ్స్.

మొదటి వారం అద్భుతంగా గడిచింది. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ లాక్ అవగానే వాడు కిక్కురుమనకుండా లేచి వెళ్లిపోయేవాడు. ఇంత బుద్ధిమంతుడు ఎప్పుడయ్యాడా అనుకున్నాను. ఓ రాత్రి తొమ్మిదింటికి అత్తయ్య గదిలోంచి క్రికెట్ గేమ్ చప్పుడు. నానమ్మ ఫోన్‌కి ఫ్యామిలీ లింక్ లేదు, లాక్ కూడా లేదు. "పాపం పిల్లాడు, కాసేపే కదమ్మా" అన్నారావిడ.

మర్నాడే ఆవిడ ఫోన్‌కి నాలుగంకెల పిన్ పెట్టాం. మర్చిపోతానని ఆవిడ దాన్ని రాసుకున్నారు. గోడ క్యాలెండర్ మీద, గ్యాస్ వచ్చిన తేదీ పక్కన, ఎర్ర పెన్నుతో.