గ్రూప్ మెయిల్‌కి జవాబు: జీమెయిలా, ఔట్‌లుకా, థండర్‌బర్డా?

పదిమందికి వచ్చే మెయిళ్ళకి జవాబివ్వడానికి ఏ ప్రోగ్రామ్ మేలని చాలామంది అడుగుతున్నారు. రిప్లైకీ రిప్లై ఆల్‌కీ తేడా అందరికీ తెలుసు. నేను ముందుగా చూసేది మెయిల్‌లో రిప్లై-టు హెడర్ (మెయిల్‌తో పాటు వచ్చే వివరాల్లో ఒక వరుస) ఉన్నప్పుడు ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తుందన్నది.

జవాబు ఎక్కడికి రావాలో పంపినవారు చెప్పుకునే చోటు అది. చాలా గ్రూపులు అందులో గ్రూపు అడ్రసే పెట్టేస్తాయి. అలాంటి మెయిల్‌కి జీమెయిల్‌లో మామూలు రిప్లై నొక్కినా 'టు' గడిలో గ్రూపు అడ్రసే వస్తుంది. రాసినవారొక్కరికే చెప్పాలనుకున్న జీతం సంగతో, ఆరోగ్యం సంగతో అందరికీ చేరిపోయేది ఇక్కడే. అలాంటప్పుడు జీమెయిల్‌లో 'ఫ్రమ్'లోని అడ్రసు కాపీ చేసుకుని 'టు'లో పెట్టుకోవాలి.

థండర్‌బర్డ్ ఈ చిక్కును బాగా విప్పింది. మెయిల్‌లో లిస్ట్-పోస్ట్ హెడర్ (గ్రూపుకి రాయాల్సిన అడ్రసు చెప్పేది) ఉంటే 'రిప్లై లిస్ట్' అని వేరే బటన్ చూపిస్తుంది. రిప్లై-టులో ఉన్నది గ్రూపు అడ్రసే అయితే దాన్ని పక్కనపెట్టి, మామూలు రిప్లైని రాసినవారికే పంపుతుంది. గ్రూపుల్లో ఎక్కువగా రాసేవారికి నేను చెప్పేది ఇదే. ఒక్క జాగ్రత్త: డీమార్క్ (పంపినవారి అడ్రసు నిజమైనదేనా అని చూసే తనిఖీ) గొడవ తప్పించుకోవడానికి కొన్ని గ్రూపులు 'ఫ్రమ్'లో కూడా తమ అడ్రసే రాస్తాయి. అప్పుడు ఏ ప్రోగ్రామ్‌నీ నమ్మకండి, పంపే ముందు 'టు' గడి చదవండి.

ఔట్‌లుక్‌లో లిస్ట్ బటన్ లేదు. ఆఫీసు లోపలి మెయిళ్ళకి ఫర్వాలేదు. దాని 'రీకాల్' మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, సంస్థ బయటికి వెళ్ళిన మెయిల్‌ని అది వెనక్కి తేలేదు.

జీమెయిలే వాడేవారు సెట్టింగ్స్‌లో 'సీ ఆల్ సెట్టింగ్స్', 'జనరల్'కి వెళ్ళి, 'డిఫాల్ట్ రిప్లై బిహేవియర్'ని 'రిప్లై' మీదే ఉంచండి. ఎవరినైనా వదిలేస్తే తర్వాత ఫార్వర్డ్ చేయొచ్చు, ఎక్కువమందికి వెళ్ళినదాన్ని వెనక్కి తీసుకోలేం. అదే పేజీలో, పంపు నొక్కాక కాసేపు మెయిల్‌ని ఆపుకోనిచ్చే 'అన్‌డూ సెండ్'ని 5 నుంచి 30 సెకన్లకు పెంచి, అడుగున 'సేవ్ చేంజెస్' నొక్కడం మరవకండి.

ఇంకో సంగతి. మీరు బీసీసీలో (మిగతావారికి కనబడకుండా కాపీ అందుకునేవారి గడి) ఉంటే ఏ ప్రోగ్రామ్‌లోనూ రిప్లై ఆల్ కొట్టొద్దు. మీకూ ఆ మెయిల్ వచ్చిందని మిగతావారందరికీ తెలిసిపోతుంది.

టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) అలవాటున్నవారికి మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఉంది. అందులో జవాబుకి నొక్కాల్సిన మీటలు: ఒకరికి ఆర్, అందరికీ జీ, గ్రూపుకి పెద్ద ఎల్.