బర్మా వలస మీద పరిశోధన: మొదటి ఏడాది కాగితాలకా, పెద్దవాళ్లకా, భాషకా?

తెలుగువాళ్ల బర్మా వలస మీద పీహెచ్‌డీ మొదలుపెట్టే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, మొదటి ఏడాది రికార్డాఫీసులో కూర్చోమంటారా, శ్రీకాకుళం, విశాఖ వైపు తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడమంటారా?" మూడో దారి ఇంకొకటుంది. దాన్ని ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పాల్సి వస్తోంది. ముందు ఈ రెండూ చూద్దాం.

కాగితాలకు ఉన్న బలం చిన్నది కాదు. చెన్నై ఎగ్మూరు రికార్డాఫీసులో మద్రాసు ప్రెసిడెన్సీ జీవోలున్నాయి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలున్నాయి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌వి కొన్నింటిని అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఇంటి నుంచే చూడొచ్చు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారనీ, రంగూన్ జనాభాలో సగానికి మించి వాళ్లేననీ చెప్పేది ఈ కాగితాలే. భారతీయుల వలస మీద బర్మా ప్రభుత్వం కోసం బాక్స్టర్ తయారుచేసిన, 1941లో అచ్చయిన నివేదిక చదవకుండా ఎవరూ ముందుకు పోలేరు. మేస్త్రీలు ఊళ్లలో అడ్వాన్సులిచ్చి మనుషుల్ని ఎలా పోగుచేశారో, ఆ బాకీ కింద కూలిలో ఎంత కోసుకున్నారో తెలిసేదీ ఇక్కడే. మీ అంశం కూలిరేట్లూ, ఓడ టిక్కెట్లూ, లెక్కలూ అయితే ఇక ఆలోచించకుండా ఎగ్మూరు వెళ్లండి.

అయితే ఆ కాగితాల్లో ఒక పెద్ద ఖాళీ ఉంది. నాటాల్‌కో మారిషస్‌కో వెళ్లిన ఒప్పంద కూలీకి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం రాసిన పట్టీ దొరుకుతుంది. బర్మా కూలీకి దొరకదు. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే కాబట్టి, విశాఖ నుంచి రంగూన్ పోవడం సర్కారు దృష్టిలో దేశం లోపలి ప్రయాణం. రేవులో తలలు లెక్కపెట్టారు, పేర్లు రాసుకోలేదు. మన తీరం నుంచి వెళ్లినవాళ్లందరికీ కలిపి 'కోరంగీలు' అని ఒకే పేరు పెట్టారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు 1839 తుఫానులో దెబ్బతిని మళ్లీ పూర్వంలా లేవలేదు. దాని పేరు మాత్రం ఆ తర్వాత వందేళ్ల దాకా రంగూన్ వీధుల్లో మనవాళ్లను అంటిపెట్టుకునే ఉంది.

ఈ ఖాళీని పూడ్చేది పెద్దవాళ్లే. 1942లో జపాన్ దాడితో రంగూన్ వదిలి కాలినడకన తౌంగుప్ కనుమ మీదుగానో, తమూ దాటి మణిపూర్ గుండానో వచ్చినవాళ్లలో అప్పటికి పదేళ్లున్నవాళ్లు కూడా ఇప్పుడు తొంభై దాటారు. నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక 1964 నుంచి తిరిగొచ్చిన కుటుంబాల్లో ఆనాటి పిల్లలకు డెబ్బై దాటింది. కాబట్టి తొందర ఎక్కువ ఇక్కడే. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు వాదించినా ఒప్పుకుంటాను.

మరి మూడోది, బర్మా భాష. నేను మొదటి రెండేళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఇంగ్లీషు దస్త్రాలు చాలనుకున్నాను. ఒక పెద్దావిడ ఇంట్లో మూడు గంటలు రికార్డు చేశాను. ఇరావతి డెల్టాలో తమ ఊరు వదిలిన రాత్రి గురించి చెబుతూ ఆమె, "తూజీ మమ్మల్ని ధాన్యం కొట్టులో దాచాడు బాబూ, తెల్లారేదాకా వాకిట్లో తనే కూర్చున్నాడు" అంది. తూజీ అంటే ఎవరో ఇరుగుపొరుగు మనిషి పేరనుకున్నాను. నోట్సులో అలాగే రాసుకున్నాను. ఎలాంటివాడు, మీకేమవుతాడు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏడాదిన్నర తర్వాత బర్మా పాఠాల్లో తెలిసింది, ఆ మాటకు అర్థం గ్రామపెద్ద అని. ఇంగ్లీషు దస్త్రాల్లో అదే మాటను నేను పదులసార్లు చదివాను. అక్షరాలు చూసి 'థుగ్యీ' అని చదువుకున్నాను, అంతే. చెవికీ కంటికీ పొత్తు కుదరలేదు.

అర్థం తెలిశాక ఆ రాత్రి మొత్తం మారిపోయింది. ఆమెను దాచింది ఒక మంచి పొరుగువాడు మాత్రమే కాదు. పన్ను వసూలు చేసే, పోలీసులకు జవాబు చెప్పుకునే, ఊళ్లో అందరి కళ్లూ ఎప్పుడూ తన మీదే ఉండే మనిషి. అతను ఎందుకు అంత తెగించాడు? ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలకూ బర్మా కుటుంబాలకూ మధ్య ముందు నుంచీ ఏ ఇచ్చిపుచ్చుకోలు నడిచింది? అడగాల్సినవన్నీ అవే. నేను మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు.

అందుకే నా ఓటు భాషకు. 1930 రంగూన్ రేవు గొడవనే తీసుకోండి. ఎక్కువమంది తెలుగువాళ్లే ఉన్న రేవు కూలీలు ఆ మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె రాజీ కాగానే ఆ బర్మావాళ్లను పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలై వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో అత్యధికులు మనవాళ్లు. ఇంగ్లీషు ఫైళ్లలో ఇది శాంతిభద్రతల సమస్య. మన కుటుంబాల జ్ఞాపకంలో ప్రాణభయం. కొద్దిరోజులు పని దొరికి, అంతలోనే తన సొంత ఊళ్లో గెంటేయబడ్డ బర్మా కూలీ ఏమనుకున్నాడు? ఆ ఏడాదే పుట్టిన దొబమా అనే బర్మా జాతీయవాద సంఘం ఆ కోపాన్ని ఏ మాటల్లో పెట్టింది? దానికి అప్పటి బర్మా పత్రికలు తూరియ, మ్యన్మా అలిన్ చదవాలి. అవి చదవకపోతే మనం రాసేది మన వలస చరిత్ర అవుతుందే గానీ రెండు దేశాల మధ్య రాకపోకల చరిత్ర కాదు.

కష్టమా అంటే, కష్టమే. 33 హల్లులు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, రాసేదొకటి పలికేదొకటి, పైగా స్వరం మారితే అర్థమే మారుతుంది. గుండ్రటి అక్షరాలు చూసి మన లిపిలా ఉందని మురిసిపోతే రెండో పాఠానికే ఇబ్బంది. అయినా తెలుగువాడికి కొన్ని వెసులుబాట్లున్నాయి. క్రియ మనకులాగే వాక్యం చివర వస్తుంది. పాళీ మాటలు అడుగడుగునా పలకరిస్తాయి. విశ్వవిద్యాలయాన్ని వాళ్లు 'తెక్కతో' అంటారు. అది తక్షశిల అని తెలిసిన రోజు నేను పాఠం ఆపి కాసేపు అలా కూర్చుండిపోయాను. లండన్‌లో బర్మా భాష నేర్పిన జాన్ ఓకెల్ చేసిన ఆడియో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తర్వాత యాంగోన్ (అప్పటి రంగూన్) వెళ్లి కూర్చోవడం ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి, ఇంట్లో ఉండి చేయగలిగింది చేసుకోవడమే మంచిది.

శాసనాలు, పురావస్తువులు కూడా దారేనా అని కొందరంటారు. పాత కాలం మీద పనిచేసేవాళ్లకు దారే. దక్షిణ బర్మాలోని మోన్ జాతివాళ్లను పిలిచే 'తలైంగ్' అన్న మాట తెలంగాణ నుంచి వచ్చిందా అన్న వాదు అక్కడిదే. వలస అంశానికి అది అవసరం లేదు.

ఏడాదిని ఎలా పంచుకోవాలంటే, 1942 గుర్తున్నవాళ్లు మీకు తెలిస్తే ముందు ఆ ఇళ్లకు రికార్డరు పట్టుకుని వెళ్లండి. రికార్డు చేయడానికి భాష రానక్కర్లేదు, రెండోసారి వెళ్లి అడగడానికి కావాలి. మొదటి రోజు నుంచే పొద్దున గంటసేపు బర్మా పాఠం పెట్టుకోండి. ఎగ్మూరు రెండో ఏడాదికి ఉంచండి, ఆ కట్టలు అక్కడే ఉంటాయి. ఇంటికొచ్చి రికార్డింగు వింటున్నప్పుడు అర్థం కాని ప్రతి మాటనూ చెవికి వినపడ్డట్టే తెలుగులో రాసి, పక్కన ఎన్నో నిమిషంలో వచ్చిందో వేసుకోండి. అది మనిషి పేరని అప్పుడే తేల్చేయకండి.