కె అక్షరానికి రగణం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

పొడుగు ధ్వని (డా), పొట్టి ధ్వని (డి) కలిపి అక్షరాలు పంపే తంతి సంకేత భాష మోర్స్‌లో కె అంటే డా-డి-డా. గురువు, లఘువు, గురువు. అంటే రగణం. బళ్లో "యమాతారాజభానసలగం" బట్టీ పట్టినవాళ్లందరికీ ఈ అక్షరం ఎప్పుడో వచ్చేసింది, వచ్చిన సంగతే తెలియదు. "రాజభా" అనుకుంటూ కీ నొక్కితే కె వెళ్లిపోతుంది. కొన్నేళ్లుగా నేను వాడుతున్న పద్ధతి ఇదే, నాకిదంటే ప్రాణం. ఇన్నాళ్ల వాడకంలో ఇందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రాస్తున్నాను.

కీ, బజర్, తీగలు ఎలా కలపాలి వగైరా అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. అక్షరం ఆకారంలో చుక్కలూ గీతలూ ఇరికించిన బొమ్మల పటాలు కూడా వాడి చూశాను. అవి కంటికి గుర్తుంటాయి, చేతికి రావు. రగణం అలా కాదు, నోరు ఏది పలికితే వేలు అదే కొడుతుంది.

పైగా ఇది ఒక్క కె తో ఆగదు. యగణం డబ్ల్యూ, మగణం ఓ, తగణం జి, జగణం ఆర్, భగణం డి, నగణం ఎస్, సగణం యు. రగణంతో కలిపి ఎనిమిదీ అయిపోయాయి. మూడు స్థానాల్లో రెండేసి అవకాశాలుంటే ఎనిమిదే వస్తాయి, ఇందులో వింతేముంది అని లెక్కల మాస్టార్లు అనొచ్చు. కానీ నాలుగు స్థానాల్లో పదహారు వీలైనా ఇంగ్లీషు అక్షరాలకు మోర్స్ వాడుకున్నది పన్నెండే. మూడింటి దగ్గర మాత్రం ఒక్కటీ వదల్లేదు. లఘువు, గురువు కలిసిన వగణం ఎ అవుతుంది కాబట్టి ఉత్పలమాల పాదం మొత్తం పంపొచ్చు: డి, కె, ఎస్, డి, డి, కె, ఎ. చంపకమాల ఇంకా బాగుంటుంది: ఎస్, ఆర్, డి, ఆర్, ఆర్, ఆర్, చివర కె. సరదాగా రేడియోలో సందేశాలు పంపుకునేవాళ్ల హ్యామ్ రేడియోలో మన మాట ముగించి "ఇక మీరు పంపండి" అనడానికి చివర కొట్టేదీ కె నే. ఓడల అంతర్జాతీయ సంకేతాల్లో కె ఒక్కటే పంపినా చాలు, "మీతో మాట్లాడాలి" అని అర్థం. ఒక్క అక్షరమే నిండు కబురు కావడం వల్ల కూడా నేను దీని దగ్గరే ఎక్కువ కాలం ఉండిపోయాను.

ఇక అసలు చిక్కు. మా వీధిలో తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. 2013 జులైలో దేశంలో టెలిగ్రామ్ సేవ మూతపడింది గానీ, అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ ధ్వనుల మధ్యే బతికిన మనిషి. ఆయన ముందు బజర్ పెట్టి కె లు వరసగా కొట్టాను. కళ్లు మూసుకుని విని, "నాయనా, డా చాలట్లేదు. కె అంటున్నావో ఎస్ అంటున్నావో తేలట్లేదు" అన్నారు. నిదానంగా కొట్టినా అదే మాట. వేగం తప్పు కాదు, కొలతే తప్పు. ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు. మోర్స్‌లో డా కి మూడు. నోరు "రా" అని రెండు మాత్రలు పలికితే చెయ్యి కూడా రెండే ఇస్తుంది, దాంతో పొడుగుకీ పొట్టికీ తేడా చాలదు. పద్ధతి ఇక్కడ తెగిపోయిందనే అనుకున్నాను, చాలా బాధేసింది.

ఆయనే మళ్లీ అన్నారు: "ఏటి అవతల ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు ఎలా లాగుతావు? అలా లాగు."

అప్పుడు గుర్తొచ్చింది ప్లుతం. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. పైగా దూరాన ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు ప్లుతం పలకాలని పాణిని ఏనాడో చెప్పాడు. మోర్స్ డా కొలత సరిగ్గా ప్లుతమే! "రాఽఽ-జ-భాఽఽ" అని లాగి కొట్టాను. పెద్దాయన తల ఊపారు. ధ్వనికీ ధ్వనికీ మధ్య ఒక మాత్ర ఖాళీ కలుపుకుంటే కె మొత్తం తొమ్మిది మాత్రలు. నిమిషానికి 8 పదాల వేగంలో ఒక్కో మాత్ర 150 మిల్లీసెకన్లు, అంటే కె కి 1.35 సెకన్లు. ఆ నిడివి ఇప్పటికీ నా మణికట్టుకు తెలుసు.

అయితే ఇదంతా పంపడం గురించి. వినడానికి వచ్చేసరికి నా ఉత్సాహం కొంత తగ్గించుకోక తప్పలేదు. ధ్వని వినగానే నా మనసు ముందు "రగణం" అంటుంది, తర్వాతే "కె" అంటుంది. ఆ రెండు అంగల మధ్య వెనకాల వచ్చే అక్షరం జారిపోతుంది. సిగ్నల్ మసకబారి చివరి డా వినపడకపోతే మరీ కష్టం. గణం పూర్తవుతుందేమోనని మనసు అక్కడే కూర్చుంటుంది, ఈలోగా మాట దాటిపోతుంది. 1930లలో జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త లుడ్విగ్ కోచ్ ప్రతిపాదించిన పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు: మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో, రెండే అక్షరాలతో మొదలుపెట్టి, విడగొట్టకుండా ఒకే ధ్వనిగా వినడం. ఇప్పుడు వాడుకలో ఉన్న వరసలో తొలి జంట కె, ఎమ్. చెవికి నేను చివరికి ఆ దారే పట్టాను. నాలుగు ధ్వనుల అక్షరాల్లో కూడా గణాలు అన్నిటికీ ఆదుకోవు. ఇంద్రగణాలు తెలిస్తే నగం వి, సలం ఎఫ్, నలం హెచ్ అవుతాయి, బాగానే ఉంటుంది. ఎల్, పి, జె లకు మనమే ఏవో అతుకులు వేసుకోవాలి.

కాబట్టి నా మాట ఇది: నేను పద్యాలు వల్లె వేసిన ఇంట్లో పెరిగాను, ఒక్కో ధ్వనినీ చేత్తోనే కొలిచి నొక్కే స్ట్రెయిట్ కీ మీద నిదానంగా పంపేవాణ్ణి, నాకు దీన్ని మించింది లేదు. మా అబ్బాయికి గణాలు రావు. వాడికి ముందు ఛందస్సు, తర్వాత మోర్స్ నేర్పడం రెట్టింపు పని, నేర్పలేదు కూడా. ప్యాడిల్‌తో ఎలక్ట్రానిక్ కీయర్ వాడేవాళ్లకు డా కొలత యంత్రమే చూసుకుంటుంది, ప్లుతం గొడవ అక్కర్లేదు. స్ట్రెయిట్ కీ ఉండి, యమాతారాజభానసలగం నోటికి వస్తే మాత్రం ముందు కె తోనే మొదలుపెట్టండి, "రా" ని మూడు మాత్రలు లాగండి, పక్కన ఎవరైనా పాత తంతి మనిషి ఉంటే వినిపించండి.