ఏ బస్తా అని అడిగే కంపైలరుతో ఏడేళ్లు

పర్లాకిమిడిలో మా మావయ్యకున్న ఎరువులు, సిమెంటు దుకాణం లెక్కల కోసం ఏడేళ్ల క్రితం హాస్కెల్ అనే ప్రోగ్రామింగు భాషలో ఒక ప్రోగ్రాము మొదలుపెట్టాను. అప్పటి నుంచి, రాసిన ప్రోగ్రామును కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మార్చే జీహెచ్‌సీ కంపైలరుతోనే కాపురం. ఆ భాష గుణగణాలు ఇది చదివేవారికి తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచినది ఒక్క ఎర్రరు గురించి, అది రావలసిన చోట రాకపోవడం వల్ల నాకు పోయిన ఒక రాత్రి గురించి.

'ఆంబిగ్యువస్ టైప్ వేరియబుల్', అంటే విలువ ఏ రకానిదో (టైపు) తేలడం లేదనే సందేశం మొదటి రెండేళ్లు నన్ను విసిగించినంతగా మరేదీ విసిగించలేదు. అక్షరాలుగా ఉన్నదాన్ని రీడ్ అనే ఫంక్షనుతో చదివి, వచ్చిన విలువను వెంటనే షోతో మళ్లీ అక్షరాలుగా మారిస్తే, మధ్యలో ఉన్నది పూర్ణాంకమా, దశాంశమా, జాబితానా అన్నది ప్రోగ్రాములో ఎక్కడా రాసి ఉండదు. కంపైలరు అక్కడే ఆగి, టైపు రాయమంటుంది. మా దుకాణంలో పది బస్తాలు దింపమంటే కళాసీ కూడా 'ఏ బస్తా?' అనే అడుగుతాడు. సిమెంటైతే 50 కిలోలు, యూరియా అయితే 45. సంఖ్యల క్లాసు ఏదైనా, అంటే కూడిక వంటివి చేయదగ్గ టైపుల గుంపు, తోడుంటే మాత్రం ముందు ఇంటీజరును (పూర్ణాంకం), అది కుదరకపోతే డబుల్‌ను (దశాంశం) తీసుకునే వెసులుబాటు భాషా నిర్వచనంలోనే ఉంది. అది తప్ప మిగతా చోట్ల ఊహించడానికి కంపైలరుకు అనుమతి లేదు. ఆ పట్టుదల చాదస్తమని అప్పట్లో చాలాసార్లు అనుకున్నాను.

ఆ రాత్రి మార్చి నెలాఖరు. గుమాస్తా పంపిన సరుకు ఫైలులోని అంకెల వరుసను జీహెచ్‌సీఐలో, అంటే ఒక్కొక్క పంక్తి కొట్టగానే జవాబు చెప్పే ప్రాంప్టు దగ్గర, చదివించి చూద్దామనుకున్నాను. తెరమీద ఒక చదరపు బ్రాకెట్టు తెరుచుకుని, దాని పక్కనే 'నో పార్స్' (చదవడం కుదరలేదు) అని ఎక్సెప్షను, అంటే నడుస్తుండగా వచ్చే తప్పు, పడింది. గుమాస్తా ఒడియా కీబోర్డు వాడతాడు. ఒడియా సున్నా, తెలుగు సున్నా, ఇంగ్లీషు సున్నా మూడూ గుండ్రనివే కావడంతో, ఏదో ఒక చోట ఒడియా సున్నా దూరిందని, ఆస్కీ అంకెలు, అంటే మామూలు ఇంగ్లీషు అంకెలు, తప్ప తెలియని రీడ్ దాని దగ్గర తడబడిందని నిశ్చయించుకున్నాను. ఒక్కొక్క అక్షరాన్నీ, అంకె అవునో కాదో చెప్పే ఈజ్‌డిజిట్‌తో పరీక్షిస్తే, అన్నీ మామూలు అంకెలేనని తేలింది. ఫైలు మొదట్లో కనిపించని గుర్తు ఏదైనా ఉందేమోనని వెతికాను, లేదు. చివరికి మూడు అంకెలు నేనే కొట్టి చూసినా అదే జవాబు వచ్చేసరికి, తప్పు కంపైలరుదేనన్న నమ్మకం బలపడింది.

బగ్ రిపోర్టు రాయాలంటే తప్పును వీలైనంత చిన్న ఉదాహరణకు కుదించాలి. తెల్లవారుజామున ఆ పని చేయడమే నన్ను కాపాడింది. 5 అనే ఒక్క అంకెను చదవమంటే కూడా 'నో పార్స్' వచ్చింది. పోలిక కోసం దానికే ఒకటి కలపమంటే, ఏ గొడవా లేకుండా 6 అని వచ్చింది. మొదటి ఉదాహరణనే షోతో సహా ఫైలులో రాసి కంపైలు చేస్తే, నేను రెండేళ్లు తిట్టుకున్న ఆ పాత సందేశమే ప్రత్యక్షమయింది. విషయం అప్పుడు బోధపడింది. ప్రాంప్టు దగ్గర వెసులుబాటు నియమాలు మరింత సడలి ఉంటాయి. అక్కడ సంఖ్యల క్లాసు లేకపోయినా, షో ఉంటే చాలు, ఏదో ఒక టైపు ఎంచుకుంటుంది, ఆ ఎంపికలో మొదటిది యూనిట్, అంటే ఏమీ లేని ఖాళీ కుండలీకరణం. ఏ బస్తా అని అడగకుండా నా చేతికి ఖాళీ గోనె ఇచ్చి, అందులో 5 దొరకలేదని ఫిర్యాదు చేసిందన్నమాట. కూడిక ఉన్నప్పుడు సంఖ్యల క్లాసు తోడైంది కాబట్టి ఇంటీజరును తీసుకుంది. ఇదంతా మాన్యువల్‌లో రాసే ఉంది. కనుక బగ్గు అనడానికి లేదు, నా ఉక్రోషానికి సగం కారణం అదే. పొద్దున్నే మావయ్య వచ్చి, "ఏట్రా, లెక్క తేలిందా?" అంటే, ఏం చెప్పాలో తోచలేదు.

ఆ మర్నాడే ఆ సడలింపును తీసేసే పంక్తిని, కంపైలరు తనంతట తానే టైపు (డిఫాల్టు) తీసుకున్నప్పుడల్లా హెచ్చరించే పంక్తిని జీహెచ్‌సీఐ సెట్టింగుల ఫైలులో చేర్చాను. 2016లో వచ్చిన జీహెచ్‌సీ 8.0 వెర్షను నుంచి ఫంక్షను పక్కన ఎట్ గుర్తుతో టైపు రాసే సౌకర్యం ఉంది కాబట్టి, రీడ్ పక్కన ఇంట్ (పూర్ణాంకం) అని రాయడం ఇప్పుడు చేతికి అలవాటైపోయింది. బయటి ఫైళ్లకైతే, చదవడం కుదరకపోతే ఆగిపోకుండా ఆ మాట చెప్పే రీడ్‌మేబీ తప్ప మరేదీ వాడను.

'కంపైలైతే చాలు, నడుస్తుంది' అని నేను ఒకప్పుడు స్నేహితులకు గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా అనలేను. లోడుల జాబితా ఇచ్చే ఫంక్షనును, జాబితానూ మొత్తాన్నీ జంటగా ఇచ్చేలా మార్చినప్పుడు, దాని పొడవు అడిగే పాత పంక్తి మార్చకుండానే కంపైలయింది, ఆ రోజు ఎన్ని లోడులు వచ్చినా ఒకటేనని చెప్పింది. 2015లో వచ్చిన 7.10 వెర్షను నుంచి, పొడవు చెప్పే లెంగ్త్ జాబితాలకే పరిమితం కాదు; జంట పొడవు ఎప్పుడూ ఒకటే.

నిజమైన కంపైలరు బగ్గు ఈ ఏడేళ్లలో ఒక్కసారే ఎదురైంది: అసంభవం సంభవించిందంటూ పానిక్ సందేశం ఇచ్చి ఆగిపోయింది. ఆప్టిమైజేషను, అంటే ప్రోగ్రాము వేగంగా నడిచేలా కంపైలరు చేసే సవరింపు, తీసేస్తే పోయింది, తరువాతి వెర్షనులో మళ్లీ రాలేదు. నేను బగ్గులనుకున్న మిగతావన్నీ నావే.

హాస్కెల్‌తోనే కొనసాగుతారా అని ఎవరైనా అడిగితే, నేను కొనసాగుతాను. అయితే నా పరిస్థితి వేరు. ఈ ఊళ్లో హాస్కెల్ రాసేవారెవరూ నాకు తెలియదు, సందేహం వస్తే కంపైలరు సందేశమే నాకు మేస్టారు. గడువుల మధ్య పదిమంది కలిసి పనిచేసేచోట ఇంత ఓపిక ఉంటుందని చెప్పలేను. పైగా నా 4 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆప్టిమైజేషనుతో కంపైలుకు పెడితే, వీధి చివరికి వెళ్లి టీ తాగి రావచ్చు. బరంపురంలో చదువుకుంటున్న మావయ్య కొడుక్కి నా సెట్టింగుల ఫైలే ఇచ్చాను. ప్రాంప్టు దగ్గర ఖాళీ జాబితా కొడితే అది కూడా అచ్చు వేయకుండా టైపు చెప్పమంటోందని నిన్న ఫోను చేసి విసుక్కున్నాడు.