ఇంటి రివాల్వర్‌లో ఏ తూటా మేలు: మనం నింపుకున్నదా, ఫ్యాక్టరీదా?

నా మాట ముందే చెప్పేస్తాను. కాల్పుల రేంజ్‌లో సాధనకైతే మన ప్రెస్ (ఖాళీ కేసుల్లో మందూ బుల్లెట్టూ మళ్ళీ నింపే చేతి యంత్రం) మీద మనం నింపుకున్న తూటాలే మేలు. ఇంటి రక్షణ కోసం లోడ్ చేసి పెట్టుకునే రివాల్వర్‌లో మాత్రం ఫ్యాక్టరీ తూటాలే ఉండాలి. ఇందుకు చాలామంది చెప్పే కారణం ఒకటి, నాకు బలంగా తోచే కారణం ఇంకొకటి.

ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడమే నేరం. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడానికి చేస్తే కావాలి. ఇక్కడున్న మనవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీనే కాదు, తూటాలు కూడా దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చాకే ఆ అడ్డు తొలుగుతుంది. మిత్రుడి తుపాకీతో నాలుగు రౌండ్లు కాల్చి వద్దామని రేంజ్‌కి బయల్దేరే ముందు కూడా ఈ సంగతి చూసుకోండి.

ఇక తూటా సంగతి. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే .38 స్పెషల్‌నే తీసుకుంటాను. చేత్తో నింపుకోవడానికి ఇంత అనువైనది మరొకటి ఉండదేమో. ఖాళీ ఇత్తడి కేసులు పిస్టల్‌లోలా ఎగిరి ఎక్కడో పడవు, సిలిండర్ నుంచి నేరుగా చేతిలోకే వస్తాయి. ఒత్తిడి తక్కువ కాబట్టి ఒక్కో కేసును చాలాసార్లు వాడుకోవచ్చు. కొట్టులో కొనేదాని కన్నా తక్కువ ఖర్చుతో, చేతికి దెబ్బ తెలియనంత మెత్తని లోడ్ (మందూ బుల్లెట్టూ కలిసిన పాళ్ళు) తయారవుతుంది. కొత్తగా నేర్చుకునే భార్యకో, కాలేజీకొచ్చిన కూతురికో కాల్పులంటే బెదురు పోగొట్టేది ఆ మెత్తని లోడే.

అయితే ఈ తూటాలో ఒక పాత చిక్కు ఉంది. ఇది 1898 ప్రాంతంలో నల్ల మందు కోసం రూపుదిద్దుకున్నది కాబట్టి కేసు పొడవెక్కువ. ఇప్పటి పొగలేని పౌడర్ అందులో అడుగున కొంచెమే కనిపిస్తుంది. పొరపాటున రెండుసార్లు పౌడర్ పడినా పైకి పొంగదు, కంటికి ఆనదు. అసలు పడకపోతే ప్రైమర్ (కేసు అడుగున నిప్పు రాజేసే చిన్న మూత) ఒక్కటే బుల్లెట్‌ను, అంటే తూటా కొనన ఉండే సీసపు ముక్కను, బ్యారెల్ మధ్యదాకా తోసి వదిలేస్తుంది. అలాంటప్పుడు పిస్టల్ సాధారణంగా తనంతట తాను తర్వాతి తూటాను ఎక్కించుకోలేక ఆగిపోతుంది. రివాల్వర్ ఆగదు. ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరిగి, తర్వాతి తూటా ఇరుక్కున్న బుల్లెట్ వెనకే పేలుతుంది, బ్యారెల్ పగలొచ్చు. రేంజ్‌లో పగటిపూట ఆ తేడా శబ్దం విని ఆగిపోగలం. చీకట్లో, భయంలో ఎవరు ఆగుతారు? ప్రైమర్ వెంట్రుకవాసి పైకి లేచి ఉన్నా సిలిండర్ తిరగదు. క్రింప్ (బుల్లెట్‌ను పట్టి ఉంచే కేసు అంచు నొక్కు) వదులైతే, తేలిక రివాల్వర్ కుదుపుకి సిలిండర్ పక్క అరల్లోని బుల్లెట్లు కేసు నుంచి ముందుకు జరిగి బయటికి పొడుచుకొచ్చి అడ్డం పడతాయి.

జాగ్రత్తపరుడు ఇవేవీ జరగనివ్వడు, ఒప్పుకుంటాను. ప్రతి కేసులోకీ టార్చ్ వేసి చూసి, ప్రతి ప్రైమర్‌నీ వేలితో తడిమి చూసేవాళ్ళున్నారు. వాళ్ళ తూటా ఫ్యాక్టరీ తూటాకు తీసిపోదు. అందుకే నమ్మకం మాట ఒక్కటే అయితే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

అసలు తేడా కాల్పుల తర్వాత మొదలవుతుంది. ‘చంపడానికే ప్రత్యేకంగా తయారు చేసుకున్నాడని ప్రాసిక్యూటర్ అంటాడు’ అన్నది తరచూ వినిపించే భయం. ఆ మాట ఫ్యాక్టరీ తూటాల మీద కూడా వస్తుంది. అరిజోనాలో 2004లో ఒక రిటైర్డ్ టీచర్ కాలిబాటలో జరిపిన కాల్పుల కేసులో కొట్టులో కొన్న హాలో పాయింట్లనే (కొనలో గుంట ఉండి, తగలగానే విచ్చుకునే బుల్లెట్లు) కోర్టులో ఎత్తిచూపారు. ఆత్మరక్షణకు హాలో పాయింట్ ఎందుకు మేలో, పోలీసులు కూడా అవే ఎందుకు వాడతారో వివరించగల వకీలు ఉంటే ఆ వాదనకు జవాబు ఉంది.

జవాబు దొరకనిది సాక్ష్యం విషయంలో. ఎంత దూరం నుంచి కాల్చారన్నది చాలాసార్లు బట్టల మీదా చర్మం మీదా పడ్డ మందు రేణువులను బట్టి తేలుస్తారు. మీదికొచ్చాడు కాబట్టి కాల్చానని మీరంటే, ఆ దూరమే మీ మాటకు ప్రాణం. ల్యాబ్ అదే రకం తూటాలతో కాల్చి పోల్చి చూస్తుంది. ఫ్యాక్టరీ తూటా అయితే అదే పేరు, అదే రకం ఎవరైనా తెచ్చి పరీక్షించవచ్చు. మీ సొంత లోడ్ లోపల ఏముందో చెప్పేది మీ నోట్‌బుక్ ఒక్కటే, అది రాసింది మీరే. న్యూ జెర్సీలో 1989లో ఒక ఇంట్లో భార్య తూటా తగిలి చనిపోయిన కేసులో ఈ చిక్కే వచ్చింది. అది ఆత్మరక్షణ కేసు కాదు. కానీ రివాల్వర్‌లో ఉన్నవి భర్త నింపిన తేలికపాటి లోడ్లు. ల్యాబ్ పరీక్షించింది ఫ్యాక్టరీ తూటాలతో. రేణువుల లెక్కకు ఆ తేడాయే కీలకమైంది. ఇలాంటి ప్రశ్న మీ మీద పడే అవకాశం తక్కువే. పడితే మాత్రం పోయేది జీవితం, తూటాలు నింపుకుని మిగుల్చుకునేది కొద్ది డాలర్లు.

ఫ్యాక్టరీ అనుకున్నాక ఏది కొనాలి? పొట్టి 2 అంగుళాల బ్యారెల్‌కి స్పియర్ కంపెనీ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) ప్లస్ పి, అంటే మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి తూటా, నాకు నచ్చినది. పొట్టి బ్యారెల్‌లో వేగం పడిపోయినా విచ్చుకునేలా దాన్ని తయారు చేశారు. 4 అంగుళాల బ్యారెల్‌కి పాత ‘ఎఫ్‌బీఐ లోడ్’ ఇప్పటికీ బాగుంటుంది. అది 158 గ్రెయిన్ల, అంటే సుమారు 10 గ్రాముల మెత్తని సీసపు హాలో పాయింట్. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయిన 1986 మయామీ కాల్పుల తర్వాత ఆ సంస్థ పెట్టుకున్న కొలమానం, ఒంటి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాల లోతు. ఏ డబ్బా చూసినా ఆ అంకెతో పోల్చుకోండి. ప్లస్ పి కొనే ముందు మీ రివాల్వర్ దానికి తగినదో కాదో మాన్యువల్‌లో చూడండి, పాతవి చాలా వరకు తగవు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకీ, వయసు పైబడ్డవాళ్ళకీ 148 గ్రెయిన్ల ఫ్యాక్టరీ వాడ్‌కట్టర్ (కొన చదునుగా ఉండే బుల్లెట్) మేలు. అది విచ్చుకోదు కానీ లోతుకు చేరుతుంది, కుదుపు బాగా తక్కువ. సిలిండర్‌లోవన్నీ గురికి తగలడమే ముఖ్యం.

.38 కన్నా బలమైన .357 మ్యాగ్నమ్ తూటా ఇంట్లో వద్దంటాను. ఒత్తిడి పరిమితి .38 స్పెషల్‌కి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లయితే దీనికి 35,000. నాలుగు గోడల మధ్య ఆ మెరుపు కళ్ళు కమ్మేస్తుంది, ఆ చప్పుడు చెవులను శాశ్వతంగా పాడుచేయగలదు. ఇక్కడి ఇళ్ళ గోడలు అర అంగుళం జిప్సం పలకలే, .38 కూడా వాటిని దాటి పిల్లల గదిలోకి వెళ్తుంది. ఏ తూటా కొన్నా, ఏ వైపు కాల్చకూడదో ముందే తెలిసి ఉండాలి. తుపాకీ తాళం పెట్టెలోనే ఉండాలి. .357 రివాల్వర్ మీ దగ్గరుంటే అందులో .38 స్పెషల్ నిశ్చింతగా వాడుకోవచ్చు. .38 రివాల్వర్‌లో .357 పట్టదు, కేసు దాని కన్నా పొడుగు.

స్నేహితుడు నింపి ఇచ్చినవీ, గన్ షోలో ప్లాస్టిక్ సంచిలో అమ్మేవీ సాధనకు కూడా వద్దు.

ప్రెస్‌కి పని ఎక్కడంటే, కొన్న తూటాకు బరువులోనూ వేగంలోనూ దగ్గరగా ఉండే సాధన లోడ్ తయారు చేసుకోవడంలో. అచ్చయిన మాన్యువల్‌లోని కొలతలే వాడండి. చేతికి తగిలే దెబ్బా గురి పడే చోటూ ఒకేలా ఉంటే, వారం వారం చవకగా కాల్చిన సాధనంతా అవసరం వచ్చిన రోజున పనికొస్తుంది. ఫ్యాక్టరీ తూటాలు ఒకే లాట్‌వి (ఒకే విడతలో తయారైనవి) మూడు డబ్బాలు కొనండి. ఒక డబ్బా మీ రివాల్వర్‌లోనే కాల్చి చూడండి. సిలిండర్ నింపి, ఒకటి తప్ప మిగతావన్నీ కాల్చి, ఆ మిగిలినదాని పొడవును కాల్చకముందు పొడవుతో కొలిచి చూడండి. బుల్లెట్ ముందుకు జరిగి ఉంటే ఆ రకం మీ రివాల్వర్‌కి పనికిరాదు. జరగకపోతే రెండో డబ్బాలోవి లోడ్ చేసుకుని, మూడోది, ల్యాబ్ పోల్చి చూడాల్సివస్తే పనికొచ్చేలా, లాట్ నంబర్ చెరగకుండా, విప్పకుండా దాచండి.