ఈసెట్ ర్యాంకు వచ్చాక: కన్వీనర్ సీటా, మెరిట్ స్కాలర్‌షిప్పా?

పాలిటెక్నిక్ అయిపోయి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలనుకునే పిల్లల ఇళ్లకు, ఆ ప్రవేశానికి రాసే ఈసెట్ పరీక్ష ఫలితాలకు ముందే ప్రైవేటు యూనివర్సిటీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మీ డిప్లొమా మార్కులకు యాభై శాతం స్కాలర్‌షిప్ వస్తుంది, ఈ వారంలోనే సీటు బ్లాక్ చేసుకోండి" అంటారు. సగం మాఫీ అనగానే హన్మకొండ అయినా పెద్దపల్లి అయినా ఇంట్లోవాళ్లు మెత్తబడతారు. ఏ ఫీజులో సగం, ఎన్నేళ్లు, ఏ షరతు మీద అన్నది అడిగేసరికి డబ్బు కట్టేసి ఉంటారు.

కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవి, మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి. ప్రైవేటు యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు ఏడాదికి రూ.2,40,000 అనుకుంటే సగం పోను కట్టేది రూ.1,20,000. వరంగల్‌లో కన్వీనర్ కోటా సీటుకు, అంటే ఈసెట్ ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటుకు, ఫీజు రూ.1,00,000 అనుకుందాం. ఆదాయ పరిమితిలో ఉన్న బీసీ, ఈబీసీ పిల్లల్లో ఎక్కువమందికి తెలంగాణ ప్రభుత్వం నుంచి ఏటా రూ.35,000 వరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కాబట్టి చేతి నుంచి పడేది రూ.65,000. మూడేళ్లకు ఒకచోట రూ.1,95,000, మరోచోట రూ.3,60,000. సగం మాఫీ అయినా దాదాపు రెట్టింపు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అర్హత ఉంటే పూర్తి ఫీజే వస్తుంది కాబట్టి తేడా ఇంకా పెద్దది.

రూ.3,60,000 కూడా ఫీజు పెరగకపోతేనే. ఏటా పది శాతం పెరిగితే, స్కాలర్‌షిప్ శాతంలో ఉంటే మూడేళ్లకు రూ.3,97,200 అవుతుంది. అదే "రూ.1,20,000 తగ్గింపు" అని అంకెలో రాసిస్తే రూ.4,34,400. లెటర్‌లో శాతం ఉందా, అంకె ఉందా అన్నది ముందు చూడాల్సింది అందుకే. కన్వీనర్ కాలేజీల ఫీజును ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్ల బ్లాకుకు ఖరారు చేస్తుంది. యాజమాన్యం ఇష్టం వచ్చినట్టు మధ్యలో పెంచడానికి లేదు.

అసలు చిక్కు మాత్రం రెన్యువల్‌లో, అంటే స్కాలర్‌షిప్‌ను తర్వాతి ఏళ్లకు నిలుపుకోవడంలో ఉంది. లేటరల్ ఎంట్రీలో, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరే పిల్లలకు అది మరీ గట్టిగా తగులుతుంది. సాధారణంగా పెట్టే షరతు: సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడుల సగటు) 8 తగ్గకూడదు, బ్యాక్‌లాగ్ (ఫెయిలైన సబ్జెక్టు) ఉండకూడదు. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లకు ఫస్టియర్ మార్కులు అండగా ఉంటాయి. డిప్లొమా పిల్లల లెక్క మూడో సెమిస్టర్ నుంచే మొదలవుతుంది, అదీ మ్యాథ్స్ బరువున్న సబ్జెక్టులతో. వర్క్‌షాపులో, ల్యాబులో ముందుండే పిల్లలు కూడా అక్కడ తడబడతారు. తొలి సెమిస్టర్‌లో 7.2 వచ్చిందంటే, క్రెడిట్లు సమానమనుకుంటే రెండో దాంట్లో 8.8 తెచ్చుకోవాలి. అది మొదటిదాన్ని మించిన పని.

ఇంకొకటి ఫోన్ చేసే పీఆర్వోలు చెప్పరు. కొన్ని యూనివర్సిటీల్లో రిలేటివ్ గ్రేడింగ్ ఉంటుంది, అంటే మీ గ్రేడు క్లాసులో మిగతావాళ్ల మార్కులను బట్టి తేలుతుంది. క్లాసులో సగంమంది స్కాలర్‌షిప్ మీదే చేరి ఉంటే వాళ్లలో కొందరు జారక తప్పదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ (జేఎన్‌టీయూహెచ్) పద్ధతిలో 70 నుంచి 79 మార్కులకు 8 పాయింట్లు, 80 నుంచి 89కి 9. పక్కవాడి మార్కులతో సంబంధం లేదు.

మొదటి ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ పోతే, ఫీజు పెరగకపోయినా, పై లెక్కలో రూ.6,00,000 కట్టాలి. అప్పుడు వెనక్కి వచ్చి కన్వీనర్ సీటు అడగడానికి ఉండదు. ట్రాన్స్‌ఫర్ కావాలంటే ఖాళీ ఉండాలి, రెండువైపులా ఎన్‌వోసీ కావాలి, సిలబస్ కలవని సబ్జెక్టులు మళ్లీ రాయాలి. అన్నీ కుదిరినా రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

కన్వీనర్ వైపు అంతా సాఫీ అని కాదు. రీయింబర్స్‌మెంట్ ఏళ్ల తరబడి ఆలస్యమవుతోంది. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. ఆ భారం చివరికి పిల్లల మీదికే వస్తుంది: ముందు మీరు కట్టండి, డబ్బు పడ్డాక ఇస్తామంటారు, లేదా కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఆపుతారు. అందుకే ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోకుండా రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే ప్రభుత్వ పోర్టల్ ఈపాస్ మీదే పూర్తిగా ఆధారపడటం మంచిది కాదు. ఈపాస్‌లో దరఖాస్తు ఆగేది చిన్న విషయాల దగ్గరే: పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోవడం, 75 శాతం హాజరు లేకపోవడం. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు జరిగే స్పాట్‌లో చేరితే రీయింబర్స్‌మెంట్ వర్తించదు, సీటు కౌన్సెలింగ్‌లోనే రావాలి.

అమ్మాయిలకు ఇంకో దారి ఉంది. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా రూ.50,000, లేటరల్‌లో చేరినవారికీ మూడేళ్లు ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకే. చేరేది ఏఐసీటీఈ ఆమోదం ఉన్న సంస్థ కావాలి, కాబట్టి ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఆ కోర్సుకు ఆమోదం ఉందో లేదో ముందే చూసుకోండి. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవడానికి లేదు.

మరి ఎవరికి ఏది? ఆదాయ పరిమితిలో ఉండి, కోరిన బ్రాంచి వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల కన్వీనర్‌లో వస్తుంటే మాఫీ మాటే అక్కర్లేదు. నాచుపల్లి, మంథని జేఎన్‌టీయూ కాలేజీల్లో దొరికితే ఇంకా నయం. పరిమితి దాటిన కుటుంబానికి లెక్క మారుతుంది: స్కాలర్‌షిప్ శాతంలో ఉండి, షరతు 7 సీజీపీఏ దగ్గరుండి, కన్వీనర్‌లో ఆ బ్రాంచి రాకపోతే ప్రైవేటు యూనివర్సిటీ తీసుకోవచ్చు. షరతు 8.5 అయితే పూర్తి ఫీజు కట్టగలిగితేనే చేరండి.

సంతకం చేసేముందు ఈ ప్రశ్నలకు జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. చూసేది సీజీపీఏనా, ఆ ఒక్క సెమిస్టర్ సగటు అయిన ఎస్‌జీపీఏనా? సప్లీలో పాసైతే బ్యాక్‌లాగ్ కింద లెక్కా? ఒకసారి పోయిన స్కాలర్‌షిప్ మళ్లీ మార్కులు తెచ్చుకుంటే వస్తుందా? హాస్టల్, ఎగ్జామ్, స్పెషల్ ఫీజులకు వర్తిస్తుందా? ఫోన్లో చెప్పినదానికి విలువ లేదు.

ఈసెట్ కౌన్సెలింగ్ ముగిసేదాకా ఒరిజినల్ టీసీ, డిప్లొమా మెమోలు ఎక్కడా ఇవ్వకండి. సీటు అలాట్ అయ్యాక కాలేజీలో రిపోర్ట్ చేయడానికి అవే కావాలి. 2018లో వచ్చిన యూజీసీ నిబంధన ప్రకారం ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకునే హక్కు యూనివర్సిటీలకు, కాలేజీలకు లేదు. సీటు మానుకున్నవారు, ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే చెబితే పూర్తి ఫీజు తిరిగివ్వాలి, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ రూ.5,000 మించకుండా మినహాయించుకోవచ్చు. ఆ 15 రోజుల్లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల వరకు 80, 30 రోజుల వరకు 50. ఆపైన పైసా రాదు. కాబట్టి డబ్బు కట్టేరోజే ఆ చివరి తేదీ ఏదో రాయించుకోండి, రద్దు కోరుతూ పెట్టే అర్జీకి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి.