ఒంటిరెక్క మందారమా, ముద్ద మందారమా? ఏది మేలు?

నర్సరీకి వెళ్తే చెయ్యి ముందు ముద్ద మందారం మీదికే పోతుంది. రెక్కలు ఎన్ని ఉంటే అంత మంచి పువ్వు అనిపిస్తుంది మరి. అయితే ఆ ఎక్కువ రెక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూశాకే ఏది కొనాలో తేల్చుకోవాలి.

ఒంటిరెక్క మందారానికి అయిదే రెక్కలు. మధ్యలోంచి పొడవాటి కాడ బయటికి వస్తుంది. దాని చుట్టూ పసుపు పుప్పొడితో కేసరాలు, కొసన అయిదు చిన్న గుండ్రటి తలలు. ముద్ద మందారాన్ని ఒక్కో రెక్కా తుంచుతూ లోపలికి వెళ్లండి. బయట అవే అయిదు పెద్ద రెక్కలు, లోపల సైజు తగ్గుతూ ముడతలు పడ్డ చిన్న రెక్కలు. కొన్నిటి అంచున పుప్పొడి చుక్కలు ఇంకా అంటుకునే ఉంటాయి. కేసరాలు కావలసినవే సగంలో రెక్కలుగా మారిపోయాయన్నమాట. అందుకే వాటి లెక్క ఒకే చెట్టు మీద కూడా పువ్వు పువ్వుకీ మారుతుంది.

దీనివల్ల ముద్దలో పుప్పొడి తక్కువ, తేనె దగ్గరికి దారీ మూసుకుపోతుంది. పెరట్లోకి తేనెపిట్టలు, తేనెటీగలు రావాలనుకుంటే ఒంటిరెక్కే పెట్టాలి. తల నూనెకు ఎండబెట్టడానికీ అదే నయం. నీడలో పలచగా పరిస్తే త్వరగా ఆరుతుంది. ముద్దను రెక్కలు విడదీయకుండా ఆరబెడితే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది.

వానాకాలంలోనూ ముద్దకు ఇదే ఇబ్బంది. రెక్కల మధ్య నీళ్లు నిలిచి పువ్వు బరువెక్కి వాలిపోతుంది, కుళ్లుతుంది. పిండినల్లి దాక్కోవడానికీ ఆ మడతలే చోటు. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట మొగ్గల మొదళ్లు, ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. వేసవిలో మొగ్గలు రాలడం కూడా ముద్దలోనే ఎక్కువ. కుండీ ఒకరోజు ఎండిపోయి, మర్నాడు నీళ్లలో మునిగితే మొగ్గ నిలవదు. మట్టి పై అంగుళం ఆరగానే నీళ్లు పెడుతుంటే చాలావరకు ఆగుతుంది. ఇంత చాకిరీ చేయగలిగితే పూజ గదిలో పటానికి ఒక్క ముద్ద పువ్వు పెట్టినా నిండుగా ఉంటుంది. అందంలో ఒంటిరెక్క దానికి సాటిరాదు, ఒప్పుకోవాల్సిందే.

అన్ని ముద్ద పువ్వులూ ఒకే తీరు కాదు. శంఖుపువ్వు చూడండి: మామూలు దానిలో ఒక పెద్ద రెక్క, పక్కన రెండు, లోపల దాగిన చిన్నవి రెండు, మొత్తం అయిదు. ముద్ద రకంలోనూ సాధారణంగా అయిదే, కాకపోతే అన్నీ పెద్ద రెక్కలా విచ్చుకుంటాయి! అది కాయలు కూడా కాస్తుంది కాబట్టి విత్తనంతోనే పెంచుకోవచ్చు. బంతిలో మనం రెక్క అనుకునే ఒక్కోటీ ఒక్కో చిన్న పువ్వు, కాబట్టి అక్కడ రెక్కల లెక్కే వేరు. నందివర్ధనం మొగ్గ మీదే కోసి దండ కట్టేవాళ్లకు ఒంటిరెక్క, విచ్చిన పువ్వు దేవుడికి పెట్టేవాళ్లకు ముద్ద.

చోటు ఒక్క మొక్కకే ఉంటే, నేలలో అయితే ఒంటిరెక్క ఎర్ర మందారం పెట్టండి. వాన నేరుగా పడని బాల్కనీలో, నాలుగైదు గంటల ఎండ తగిలే చోట కుండీ ఉంటే ముద్ద తీసుకోవచ్చు. పువ్వు విచ్చి ఉన్న మొక్కనే కొనండి, ఆకు చూసి ఏ రకమో చెప్పడం కష్టం. పక్కింట్లో నచ్చినది ఉంటే వానాకాలంలో పెన్సిల్ లావున్న కొమ్మను జానెడు పొడవున, కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చండి. చిగురు కనిపించగానే వేళ్లు వచ్చాయనుకుని పీకి చూడొద్దు, చాలా కొమ్మలు చచ్చేది అక్కడే.